తువ్వాలు కింద ఇంగ్లీషు

పులిగుంటపాడు పశువుల సంతలో డబ్బు మాట ఎవరూ నోటితో అనరు. ధర నలుగురి చెవిన పడిందంటే అమ్మినవాడికి పక్కింటివాళ్ల ఏడుపు, కొన్నవాడికి బావమరుదుల ఆరాలు, ఇద్దరికీ ఇంటిదగ్గర సంజాయిషీలు. అందుకని దళారి తన భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు, కింద తన వేళ్లతో పని కానిస్తాడు. వేలికి ఇంత, అరచేతికి ఇంత, మణికట్టుకి ఇంత అని లెక్క. ధర నచ్చితే చెయ్యి ఊరుకుంటుంది, నచ్చకపోతే విదిలించుకుంటుంది. పైన ముఖాలు మాత్రం వానొస్తుందా రాదా అన్నట్టు ఆకాశంకేసి చూస్తుంటాయి. కుదిరాక దళారి తువ్వాలు లాగేసి ఆ రెండు చేతుల్నీ ఫటీమని కలుపుతాడు. ఆ చప్పుడయ్యేదాకా బేరం బేరం కాదు.

ఆ సంతకి సూపర్వైజరు పైడా జోగారావు. రేకుల షెడ్డులో కూర్చుని, అమ్ముడైన పశువుకల్లా చీటీ రాసి, సంత పన్ను వసూలు చేసి, సర్కారుకి జమకట్టడం ఆయన ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన కొత్తలో పేడ వాసనకి ముక్కు మూసుకున్న మనిషే. ఇప్పుడు సంత రోజు గురువారం తెల్లారేసరికి మెడగంటల చప్పుడు వినబడకపోతే ఆ పూట అన్నం సయించదు. నోట్లో నాలుక లేనివాడని ఊళ్లో పేరు. పైవాళ్లు ఏమన్నా "చిత్తం" అంటాడు, ఏమీ అనకపోయినా "చిత్తం" అంటాడు. ఆయనకున్న దిగులల్లా ఒక్కటే. రాబడి పడిపోయిన సంతలన్నిటినీ సర్కారు శాఖవాళ్లు పట్నంలోని మార్కెట్ యార్డులో కలిపేస్తున్నారు. చుట్టుపక్కల రెండు సంతలు అలాగే పోయాయి. ఒకదాంట్లో ఇప్పుడు తుమ్మ మొక్కలు మొలిచాయి, రెండోదాంట్లో కల్యాణమండపం మొలిచింది. తన సంతకి ఆ గతి పడితే బతికుండి ప్రయోజనం లేదని జోగారావు నిజంగానే అనుకునేవాడు.

అలాంటి జోగారావుకి ఒకనాడు గులాబీరంగు పుస్తకాల బస్తా ఒకటి, దానితోపాటు ఒక ఉత్తర్వు వచ్చాయి.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గ్రామీణ ప్రజలు ధనమును గూర్చి మాటలాడు సందర్భములలో తగిన ఆంగ్ల వాక్యములు ఎరుగకపోవుటచేత తగిన ధరను పొందలేకపోవుచున్నారని నిపుణుల అధ్యయనంలో తేలినది. కావున ధనభాషా మిషన్‌లో భాగముగా, ఇకపై ప్రతి క్రయవిక్రయమునందు ఉభయ పక్షములు కనీసం ఐదు నిర్దేశిత ఆంగ్ల ధనవాక్యములను ఇతరులకు వినబడునట్లు పలుకవలెను. పలుకని యెడల సదరు క్రయవిక్రయము జరిగినట్లు పరిగణింపబడదు."

అధ్యయనం ఎలా జరిగిందో ఉత్తర్వు వెనకపేజీలో ఉంది. నిపుణులు సర్కారు ఖర్చుతో విదేశం వెళ్లి అక్కడి పశువుల సంత చూశారు. అక్కడ ఆవు ధర ఇక్కడి ఆవు ధరకి ఎన్నో రెట్లుంది. తేడా ఎక్కడుందని ఆవుల్ని పరీక్షించారు. కొమ్ములు అవే, తోక అదే, నాలుగు కాళ్లూ నాలుగే. మరి తేడా ఏమిటంటే, అక్కడివాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. అంతటితో అధ్యయనం ముగిసింది.

జోగారావు ఉత్తర్వుని పెద్ద దళారి గుత్తుల పోలయ్యకి చదివి వినిపించాడు. పోలయ్య చుట్ట ఆర్పేసి మరీ విన్నాడు.

"అయితే ఇంగిలీసు వత్తే గేదె పాలెక్కువిత్తాదంటారా?" అన్నాడు.

"గేదె సంగతి రాయలేదు పోలయ్యా. ధర ఎక్కువొస్తుందన్నారు."

"ధర నోటితో అనకూడదు కదండీ బాబూ! అనకూడని మాట తెలుగులో అయితే ఏంటి, ఇంగిలీసులో అయితే ఏంటి?"

జోగారావు ఉత్తర్వుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చిత్తం అనడానికి కూడా పైవాళ్లెవరూ ఎదురుగా లేరు.

ఆ గురువారమే మిషన్ పని చేజిక్కించుకున్న శిక్షణ సంస్థ తరఫున తేజోవర్ధన్ అనే కుర్రాడు దిగాడు. కోటు, కోటుమీద బిళ్ల, చెవి దగ్గర్నుంచి నోటిముందుకి వంగిన మైకు. గడ్డిమోపుల మధ్య తెల్లబల్ల నిలబెట్టి, రైతుల్నీ దళారుల్నీ వాళ్ల పశువుల్నీ వరసగా కూర్చోబెట్టించాడు. పశువులు నిలబడే ఉన్నాయి.

"మై డియర్ స్టేక్‌హోల్డర్స్! డబ్బు గురించి మాట్లాడ్డానికి మనం సిగ్గుపడకూడదు. అందరూ నాతోపాటు చెప్పండి. కెన్ యూ కమ్ డౌన్ ఎ లిటిల్? అంటే, కాస్త తగ్గిస్తారా అని."

సంతంతా గొల్లున అంది. నాలుగు దూడలు కూడా అందుకున్నాయి.

"వెరీ గుడ్! ఇప్పుడు, దట్స్ ఎ రిప్-ఆఫ్. ఇది నిలువుదోపిడీ అని అర్థం. నెక్స్ట్, ఇట్స్ ఆన్ మీ. అంటే, ఈ ఖర్చంతా నాది అని. లెట్స్ స్ప్లిట్ ది బిల్. చెరిసగం వేసుకుందాం అని. కీప్ ది చేంజ్. మిగిలిన చిల్లర ఉంచుకో అని. అమ్మా, మీరు లేవండి. చెప్పండి, ఐ యామ్ బ్రోక్."

లేచినామె వాకాడ బుల్లెమ్మ. పాడిగేదెని అమ్మడానికి తెచ్చింది. "దానర్థం ఏంటి బాబూ?" అంది.

"నా దగ్గర చిల్లిగవ్వ కూడా లేదని."

బుల్లెమ్మ కొంగు నడుముకి దోపింది. "నీ ఇల్లు సల్లగుండా! గేదెని అమ్ముకోడానికొచ్చి, నోరారా లేదు లేదని అరవమంటావా? మా ఇంట్లో బియ్యం అయిపోతేనే అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. నువ్వు అనుకో కావాలంటే. మీ అమ్మ ఎదురుగా అను. ఏవంటాదో సూడు."

తేజోవర్ధన్ తన చేతిలోని ఎలక్ట్రానిక్ పలకలో 'సాంస్కృతిక ప్రతిఘటన గుర్తించబడింది' అని నమోదు చేసుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఒక్క పశువు అమ్ముడుపోలేదు. తువ్వాలు కింద బేరం కుదిరినా వాక్యాలు పలకలేదని చీటీ ఇవ్వడానికి లేదు. వాక్యాలు పలికినవాళ్లకి బేరం కుదరలేదు.  జోగారావు ఖాళీ చీటీల కట్ట చూస్తూ, ఈ సంత చోటే లేచిన కల్యాణమండపంలో తనని కూర్చోబెట్టి ఎవరో భోజనం వడ్డిస్తున్నట్టు ఊహించుకుని భయపడ్డాడు.

ఆ సమయంలో పోలయ్య వచ్చి ఆయన చెవిలో అన్నాడు. "సూపర్వైజరు గారండీ, నోటి పని నోటిదీ, సేతి పని సేతిదీ. రెండిటికీ సమ్మందం ఉండాలని మీ కాయితంలో ఎక్కడన్నా రాసుందా?"

జోగారావు ఉత్తర్వు మళ్లీ చదివాడు. వెనకపేజీ కూడా చదివాడు. ఎక్కడా లేదు.

అంతే. సంత ఒక్కసారి హోరెత్తింది. తువ్వాళ్ల కింద వేళ్లు ఎప్పటిలాగే చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోతున్నాయి. పైన నోళ్లు మాత్రం గులాబీ పుస్తకంలో ఏది తడితే అది అరుస్తున్నాయి. ఒంగోలు కోడెల మధ్యనుంచి "దట్స్ ఎ రిప్-ఆఫ్!" అని ఒకడు, దానికి "కీప్ ది చేంజ్!" అని ఇంకొకడు, ఆ వెనకనుంచి "ఐ యామ్ రోలింగ్ ఇన్ మనీ!" అని పంచె చిరుగు కనబడకుండా పట్టుకున్న మరొకడు. డబ్బులో పొర్లాడుతున్నానని దానర్థం. పెంకే సింహాచలం అనే రైతుకి "ఇట్స్ ఆన్ మీ" అన్న వాక్యం తెగ నచ్చేసింది. దానికి వరస కట్టి, సంత ఈ చివరినుంచి ఆ చివరికి హరికథ చెప్పేవాడిలా చిందేస్తూ పాడుకుంటూ తిరిగాడు. చివరికి బుల్లెమ్మ కూడా తన గేదె చెవులు రెండూ మూసి, "ఐ యామ్ బ్రోక్" అని గబగబా అనేసి, మూడుసార్లు ఉమ్మి, గేదెని మంచి ధరకి అమ్ముకుంది. చీటీలు రాసి రాసి జోగారావు వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ నెల రాబడి చూసి శాఖవాళ్లు అభినందన పత్రం పంపారు. జోగారావు దాన్ని ఇంట్లో దేవుడి పటం పక్కన తగిలించి, ఇక సంతకి ఢోకా లేదని హాయిగా నిద్రపోయాడు.

కానీ మిషన్ అంటే అంత తేలిగ్గా వదిలేది కాదు. వాక్యాలు లెక్కపెట్టడానికి సంతలో గుంజ గుంజకీ మాటలు వినే యంత్రాలు కట్టారు. అవి విన్నదంతా పట్నంలో కూర్చున్న విశ్లేషకులు విశ్లేషించారు. రెండో ఉత్తర్వు వచ్చింది.

"సేకరించిన సంభాషణలను పరిశీలించగా, ఐ యామ్ బ్రోక్ అని బహిరంగముగా ప్రకటించిన వ్యక్తి తత్‌క్షణమే జత ఎద్దులను రొక్కమునకు కొనుట, దట్స్ ఎ రిప్-ఆఫ్ అని ఆక్రోశించిన వ్యక్తి నవ్వుచు చేతులు కలుపుట వంటి అవాంఛనీయ ధోరణులు గమనించబడినవి. ధనవాక్యముల గౌరవమును కాపాడుటకై, ఇకపై పలికిన ప్రతి వాక్యమునకు చట్టబద్ధత కల్పించబడుచున్నది. పలికినది పలికినట్లు అమలు జరుపబడును. ఇది గత నెల నుండి వర్తించును."

పలికింది పలికినట్టు అమలు జరిగింది. డబ్బులో పొర్లాడుతున్నామన్న వాళ్లందరి రేషన్ కార్డులూ రద్దయ్యాయి. చిల్లిగవ్వ లేదన్న వాళ్లకి దివాలా ధ్రువపత్రాలు ముద్రించి, మండలాధికారి స్వయంగా మేళతాళాలతో ఇంటికి తీసుకెళ్లి, శాలువా కప్పి మరీ ఇచ్చారు. వాళ్లలో ఒకాయనకి ఊళ్లో రైసుమిల్లు ఉంది. చెరిసగం వేసుకుందామన్న బేరాల్లో అమ్మినవాడు తన ఎద్దు ఖరీదులో సగం తానే కట్టాల్సొచ్చింది. ఆ సగం ఎవరికి కట్టాలో ఎవరికీ తెలియక శాఖవాళ్లే తీసుకున్నారు.

ఇక సింహాచలం. ఆయన పాట ఎంతమేర వినబడిందో యంత్రాల సాయంతో కొలిచి, ఆ మేరలో ఆ రోజు అమ్ముడైన పశువులన్నిటి ఖర్చూ ఆయనదేనని తాకీదు పంపారు. అందులో టీకొట్టు బాకీ, సోడాల బాకీ, తేజోవర్ధన్ కోటు ఇస్త్రీ కూడా ఉన్నాయి. సింహాచలం ఆ కాగితం పట్టుకుని జోగారావు షెడ్డులో కూలబడ్డాడు.

"రాగం బాగుందని పాడానండీ జోగారావుగారూ! నాకున్నది ఎకరం సెక్క. అందులోకి ఎద్దుల్ని కట్టడానికే సోటు లేదు, సంతంతా ఎక్కడ కట్టుకోనండీ?" అని భోరుమన్నాడు.

 జోగారావు ఆ రాత్రే కూర్చుని, సదరు సింహాచలానికి స్వరపేటికలో దోషం ఉన్నందున అతని పలుకును వాక్యంగా కాక దగ్గుగా పరిగణించవలసిందిగా కోరుతూ విన్నపం రాశాడు. ఆ దగ్గు తేల్చడానికి శాఖ ఒక కమిటీ వేసింది. కమిటీ ఇంకా వింటూనే ఉంది.

ఆ దెబ్బతో సంతలో నోరు తెరిచినవాడు లేడు. జనం పెదాలు బిగబట్టుకుని వచ్చి, తువ్వాలు కింద బేరం చేసుకుని, చీటీ కూడా అడక్కుండా పశువుని తోలుకుని పోసాగారు. చీటీ లేకపోతే పన్ను లేదు, పన్ను లేకపోతే రాబడి లేదు. తేజోవర్ధన్ విషయం పైకి నివేదించాడు. మౌనానికి మూలకారణం తువ్వాలు అని మిషన్ తేల్చింది. మూడో ఉత్తర్వుతో సంతలో తువ్వాళ్లు నిషేధించారు. గేటు దగ్గర భుజాలమీంచి లాగి లాగి షెడ్డులో మోపు వేశారు.

పోలయ్య గొడుగు తెచ్చాడు. గొడుగులు నిషేధించారు. గోనెసంచులు వచ్చాయి, గోనెసంచులు పోయాయి. ఒకరిద్దరు గేదె పొట్ట కిందకి చేతులు పోనిచ్చి బేరమాడుతుంటే గేదె వాళ్లిద్దరికీ చెరొక తన్నూ ఇచ్చింది, దాన్ని మాత్రం ఎవరూ నిషేధించలేకపోయారు. ఆఖరికి చేతులు రెండూ పైకెత్తి నిలబడితేనే బేరం అన్నారు. సంతంతా చేతులు పైకెత్తి నిలబడింది. బస్సులో వెళ్లేవాళ్లు దోపిడీ దొంగలు పడ్డారేమోనని కిటికీలు మూసుకున్నారు. వారం తిరక్కుండా దళారులు గడ్డికింద కాలివేళ్లతో బేరం నేర్చారు. మిషన్ బూట్లు పంపించింది, అన్నీ ఎడమకాలివే.

ఎడమబూట్లు తొడుక్కుని, చేతులు పైకెత్తి, నోరు మూసుకుని నిలబడే ఓపిక ఎవరికుంటుంది? సంత పలచబడింది. ఓ గురువారం జోగారావు షెడ్డు బయటికొచ్చి చూస్తే ఒక ముసలి ఎద్దు, దాన్ని తోలుకొచ్చిన మనిషి తప్ప ఎవరూ లేరు. ఆ మనిషి కూడా దారి అడగడానికి ఆగాడట. జోగారావు గుంజకి చేరబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు కూడా యంత్రం విన్నది.

అప్పుడొచ్చింది కబురు. శాఖ కమిషనర్ చిదంబరేశ్వరరావుగారు వచ్చే గురువారం స్వయంగా విచ్చేస్తున్నారు. వారి సమక్షంలో ఒక ఆదర్శ క్రయవిక్రయం జరగాలి. జరక్కపోతే పులిగుంటపాడు సంతని పట్నం యార్డులో విలీనం చేసే ఉత్తర్వు వారు అక్కడే సంతకం చేస్తారు.

జోగారావు బుల్లెమ్మ కాళ్లావేళ్లా పడ్డాడు. ఆవిడకి దూడ ఒకటి ఉంది. పోలయ్య కొంటానన్నాడు. దూడ అమ్మేదీ లేదు కొనేదీ లేదు గానీ, సంత కోసం ఉత్తుత్తి బేరం చేద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ గురువారం పందిరి, వేదిక, వేదిక వెనక పదిమంది పట్టుకుంటే గానీ లేవని పెద్ద బ్యానరు. బ్యానరు నిండా ధనవాక్యాలు. జనం బాగానే వచ్చారు, ఎందుకంటే టీ ఉచితం. కమిషనర్‌గారు కుర్చీలో కూర్చున్నారు. విలీనం ఉత్తర్వు ఎదురుగా బల్లమీద ఉంది. పోలయ్య, బుల్లెమ్మ చేతులు పైకెత్తి, చెరో ఎడమబూటూ వేసుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. దూడ బ్యానరు అంచు నములుతోంది.

"కెన్ యూ కమ్ డౌన్ ఎ లిటిల్?" అన్నాడు పోలయ్య.

"దట్స్ ఎ రిప్-ఆఫ్," అంది బుల్లెమ్మ.

"కెన్ యూ కమ్ డౌన్ ఎ లిటిల్?"

"దట్స్ ఎ రిప్-ఆఫ్."

ఇలా చాలాసేపు జరిగింది. ఎక్కణ్ణుంచి దిగాలో ఇద్దరిలో ఎవరూ అనడంలేదు.  కమిషనర్‌గారు గొంతు సవరించుకున్నారు. "భావప్రకటనా నైపుణ్యం ప్రశంసనీయం. అయితే మూల్యనిర్ధారణ అనే దశకు మనం ఇంకా చేరుకోలేదు. అమ్మా, ఇంతకీ దూడ ధర ఎంత?"

"ఇంతమందిలో సెప్పమంటారా?" అంది బుల్లెమ్మ.

"పారదర్శకత అంటే అదే కదమ్మా."

"అలాగేనండి. ముందు తమరి జీతం, పైన వచ్చేదీ కలిపి ఎంతో ఆ మైకులో సెప్పండి. ఆ తరవాత నా దూడ ధర సెప్తాను."

పందిరి కింద నవ్వు బయల్దేరి టీ గ్లాసుల్లోకి వెళ్లింది. కమిషనర్‌గారికి దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేసరికి ఆయన ముఖం ఎర్రబడి ఉంది. ఆదర్శ క్రయవిక్రయం విఫలమైనట్టు ప్రకటించి, భోజనానంతరం విలీనంపై సంతకం చేస్తామని చెప్పి, ఉత్తర్వు చంకన పెట్టుకుని వేదిక వెనకకి వెళ్లారు.  జోగారావు ఆఖరి ప్రయత్నంగా బతిమాలుకుందామని వెనకాలే వెళ్లాడు.

వేదిక వెనక కమిషనర్‌గారు, తేజోవర్ధన్ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఇద్దరి నోళ్లూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, మాట మాత్రం రావడంలేదు. జోగారావుకి మొదట అర్థం కాలేదు. తరవాత గుంజకి కట్టిన యంత్రం వైపు ఇద్దరూ ఓరగా చూడటం చూశాక అర్థమైంది. ధనభాషా మిషన్‌ని మిగతా జిల్లాలన్నిటికీ విస్తరించే కాంట్రాక్టు తేజోవర్ధన్ సంస్థకి ఇవ్వడం ఆ రోజే తేలాలి. ఆ కాంట్రాక్టులో కమిషనర్‌గారి వాటా ఎంతో కూడా తేలాలి. ఏ గుంజ దగ్గర నోరు విప్పినా యంత్రం వింటుంది. విన్నదానికి చట్టబద్ధత కల్పించింది కూడా వాళ్లే. కాగితంమీద రాస్తే కాగితం ఉండిపోతుంది, ఫోనులో కొడితే ఫోనులో ఉండిపోతుంది.

కమిషనర్‌గారు జోగారావుని చూసి, షెడ్డులో ఉన్న తువ్వాళ్ల మోపుకేసి చూసి, చూపుడువేలితో తన అరచేతిని గీరి చూపించారు.

జోగారావు వెళ్లి ఒక మంచి తువ్వాలు ఏరి తెచ్చాడు. ఇన్నేళ్లుగా దళారుల్ని చూసినవాడే గానీ, తానెన్నడూ చెయ్యి పెట్టలేదు. ఇద్దరి చేతులమీదా తువ్వాలు కప్పి, కింద తన రెండు చేతులూ పోనిచ్చాడు. పోనిచ్చాక ఆశ్చర్యంగా వేళ్లకి వాటంతట అవే పని తెలిసిపోయింది.

"ఈజ్ దట్ యువర్ బెస్ట్ ప్రైస్?" అన్నారు కమిషనర్‌గారు, యంత్రానికి వినబడేలా గట్టిగా.

"ఐ కాంట్ అఫోర్డ్ ఇట్, సార్," అన్నాడు తేజోవర్ధన్, అంతకంటే గట్టిగా.

నోటి పని నోటిది, చేతి పని చేతిది. తేజోవర్ధన్ ఒక వేలు ఇచ్చాడు. కమిషనర్‌గారు విదిలించారు. అరచెయ్యి. విదిలించారు. మణికట్టు. ఆ సంతలో ఎంత మేలుజాతి ఎద్దుల జతకీ ధర మణికట్టు దాటలేదు. జోగారావు అక్కడితో అయిపోతుందనుకున్నాడు. కమిషనర్‌గారి చెయ్యి ఇంకా ముందుకి తోసుకొచ్చింది. బేరం ముంజేతి మీదకి పాకి మోచేతికి చేరింది. తువ్వాలు చాల్లేదు. కమిషనర్‌గారు కళ్లతోనే సైగ చేస్తే, జోగారావు వేదిక వెనకనున్న బ్యానరు కట్టు తెంపి ముగ్గురిమీదా జారవిడిచాడు. దూడ నమిలిన మూల కమిషనర్‌గారి నెత్తిమీద పడింది. ధనవాక్యాలన్నిటి కింద ముగ్గురూ చెమటలు కక్కుతూ భుజం దాకా వెళ్లారు. ఆ తరవాత కూడా వెళ్లారు. అప్పుడు కమిషనర్‌గారి చెయ్యి ఊరుకుంది.

బేరం కుదిరింది. ఇక దళారి కప్పినది లాగేసి చేతులు కలిపి చప్పుడు చెయ్యాలి. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

జోగారావు చెయ్యలేదు.

ఇద్దరి మణికట్లూ తన చేతుల్లో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. వేళ్లు ఇంకా బిగించాడు. బ్యానరు బయట విలేకరుల మాటలు వినబడుతున్నాయి, భోజనాలయ్యాయి, కమిషనర్‌గారు ఎక్కడని అడుగుతున్నారు. కమిషనర్‌గారు ఒకసారి చెయ్యి లాక్కున్నారు, రాలేదు. రెండోసారి లాక్కున్నారు, రాలేదు. జోగారావు ఆ చేతిని మెల్లగా తీసుకెళ్లి కమిషనర్‌గారి చంకలో ఉన్న విలీనం ఉత్తర్వుమీద పెట్టాడు. పెట్టి, ఆయన కళ్లలోకి చూశాడు. ఉద్యోగంలో చేరాక ఒక పై అధికారి కళ్లలోకి చూడటం అదే మొదలు.

బ్యానరు కింద కాగితం పర్రున చిరిగిన చప్పుడైంది. దాని వెనకాలే ఫటీమని చేతులు కలిసిన చప్పుడైంది.

కాసేపటికి కమిషనర్‌గారు మైకు ముందుకొచ్చి, పులిగుంటపాడులో మిషన్ ఊహించినదానికంటే సంపూర్ణంగా సఫలమైందనీ, అందువల్ల ఇక్కడ ఇకపై దాని అవసరం లేదనీ, ఇక్కడి అనుభవంతో రాష్ట్రంలోని అన్ని సంతలకూ దాన్ని విస్తరిస్తున్నామనీ ప్రకటించారు. యంత్రాలు విప్పేశారు. జనం షెడ్డుమీద పడి ఎవరి తువ్వాలు వాళ్లు వెతుక్కున్నారు, దొరక్కపోతే పక్కవాడిది వేసుకున్నారు. బుల్లెమ్మ ఎడమబూటు విప్పి గేదెల నీళ్లతొట్టిలోకి విసిరేసింది. సింహాచలం పాట ఎత్తుకోబోతే నలుగురు కలిసి నోరు మూశారు. జోగారావు ఒళ్లు తెలియని సంతోషంతో దూడని కావలించుకున్నాడు.

పోలయ్య ఆయన్ని పక్కకి లాక్కెళ్లాడు. తన తువ్వాలు తీసి ఇద్దరి చేతులమీదా కప్పాడు. బేరం ఎంతకి తెగిందో చెప్పమని ఆ కప్పడంలోనే ఉంది.

జోగారావు వేళ్లు పోలయ్య మణికట్టు దాటాయి. పోలయ్య కళ్లు పెద్దవయ్యాయి. మోచెయ్యి దాటాయి. భుజం దాకా వెళ్లి ఆగాయి.

"ఓర్నాయనో! అంతా?" అన్నాడు పోలయ్య.

"ఆ చెయ్యి అయిపోయింది. రెండోది ఇలా ఇవ్వు," అన్నాడు జోగారావు.

పోలయ్య రెండో చెయ్యి ఇచ్చాడు. అదీ భుజం దాకా అయ్యింది. సంతలో గంటలు మోగుతున్నాయి. ఎవరో కోడెల జత దగ్గర అప్పుడే చేతులు కలిపారు, చీటీ కోసం షెడ్డు వైపు వస్తున్నారు.

"ఎవరి డబ్బండీ అదంతా?" అని అడిగాడు పోలయ్య.

జోగారావు చీటీల కట్ట అందుకున్నాడు. "మన సంత పన్నే, పోలయ్యా," అన్నాడు.